మా బావ, బుసకొట్టే బొద్దింకలు

మా బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ఆ పనిలో ఆయనకు మంచి పేరే ఉంది, కాదనను. ఇంటికొచ్చాక మాత్రం బొద్దింకలు పెంచుతాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అంటారే, ఆ ఉలిపికట్టెకు మా అక్కనిచ్చి చేశాం.

వంటింటి గట్టు కింద తిరిగే రకం కాదవి. సముద్రాల అవతల ఏదో దీవిలో పుట్టిన జాతట. రెక్కలుండవు, బొటనవేలంత లావు, ముట్టుకుంటే బుస్సుమంటాయి. "చూశావురా, నన్ను గుర్తుపట్టింది!" అని బావ మురిసిపోతాడు. నేను వేలు పెట్టినా అలాగే బుస్సుమంది. "నువ్వు కొత్త కదా, కోపం" అని దానికీ అర్థం చెప్పాడు.

వాటిని బొద్దింకలంటే ఆయన మొహం మాడిపోతుంది. కీటకాలు అనాలి. మా అక్క అత్తగారికి ఆ మాట నోరు తిరగదు. ఆవిడ పురుగులంటుంది. చివరికి తల్లీకొడుకులు ఆ మాట దగ్గర రాజీపడ్డారు.

వీటిని అమ్మేవాళ్ళూ ఆయనలాంటివాళ్ళే. ఫోన్లో గంటల తరబడి ముచ్చట్లు. ఆడదా మగదా, మీసాలు రెండూ ఉన్నాయా, నల్లదాన్నీ ఎర్రదాన్నీ కలిపితే పిల్లలు ఏ రంగులో పుడతాయి! మా అక్క సంబంధానికి ఇందులో సగం ఆరా తీసినా మేం బాగుపడేవాళ్ళం.

ఆ ఇంట్లో కిటికీ ఉన్నది పడకగది ఒక్కదానికే. దాన్ని పురుగులకిచ్చాడు. వెచ్చగా ఉండాలని ఆ కిటికీ మూసేసి, అద్దాల పెట్టెల కింద హీటర్లు పెట్టి, తనూ అక్కడే మంచం వేసుకున్నాడు. అక్క అత్తగారితో పాటు హాల్లో పడుకునేది. పెట్టెలు శుభ్రం చేసేది మాత్రం అక్కే.

ఏడాది తిరిగేసరికి అక్కకు ఉబ్బసం పట్టుకుంది. "మందులు నేనిస్తాను, ఆ పురుగుల్ని మీరు పంపించెయ్యండి. ఆ దుమ్ము పీల్చినన్నాళ్ళూ ఈవిడకి తగ్గదు. ఏదో ఒకరోజు ప్రాణం మీదికొస్తుంది" అని డాక్టరు బావ మొహం మీదే చెప్పాడు. బావకు చీమ కుట్టినట్టయినా లేదు. దారిలో అక్కకు ముక్కుకు కట్టుకునే మాస్కు ఒకటి కొనిచ్చాడు. ఇంతకంటే నీచమైన పని నేను చూడలేదు.

పోయిన నెల పక్క ఊళ్ళో కీటకాల ప్రదర్శన జరిగింది. కొత్త జత కొనాలని బావ నాలుగు రోజులు సెలవు పెట్టి వెళ్ళాడు. అక్క ఆ రోజు మా ఇంట్లో ఉంది. పురుగుల తిండి మీద రోజూ ఏదో సున్నపు పొడి చల్లుతాడు, వాటి ఒంటికి బలమట. అది చల్లడం మరిచిపోయానని అక్కడి నుంచి తల్లికి ఫోన్ చేశాడు.

"అమ్మా, పురుగుల మందు వెయ్యలేదు. అలమారాలో తెల్ల డబ్బా ఉంటుంది. క్యారెట్ ముక్కల మీద చల్లి పెట్టు."

"ఇన్నాళ్ళకి బుద్ధొచ్చిందిరా నాయనా! ఎంత వెయ్యమంటావు?"

"రెండు చెంచాలు. అన్నిటికీ అందేలా చూడు."

వంటింటి అలమారాలో మామూలు బొద్దింకల్ని చంపే పొడి కూడా తెల్ల డబ్బాలోనే ఉంది. కోడలి బాధ చూసి కొడుకు మనసు కరిగిందనుకుని ఆవిడ మూడు చెంచాలు వేసింది. మర్నాటికి పురుగులన్నీ వెల్లకిలా పడున్నాయి.

నేను ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. బావ చెప్పిన దాంట్లో ఒక్క అక్షరం తప్పు లేదు. పురుగుల మందంటే చంపేదని లోకమంతటికీ తెలుసు. దాన్ని పురుగుకు పెట్టే టానిక్కు అనుకోగలిగిన తెలివి మా బావ ఒక్కడికే ఉంది.

అత్తగారు గది ఊడ్చి, కడిగి, కిటికీ తెరిచి అక్కను పిలిపించుకుంది. రెండు రోజుల తర్వాత నేను వెళ్ళాను. "దిండుకి ఆనుకుని కూర్చోకుండా, మామూలుగా పడుకుని నిద్రపోయానురా" అంది అక్క. నాకు ఏడుపొచ్చింది.

ఆ సాయంత్రమే బావ దిగాడు, చేతిలో చిల్లులు పెట్టిన డబ్బాతో. ఖాళీ పెట్టెలు చూసి నేల మీద చతికిలబడి భోరుమన్నాడు. "నువ్వే కదరా వెయ్యమన్నావు!" అని తల్లి నెత్తి కొట్టుకుంది. అక్క గాలి కోసం నోరు తెరుచుకున్న ఒక్క పూటైనా ఆ కళ్ళు తడవగా నేను చూడలేదు. ఏడ్చి ఏడ్చి, మొహం తుడుచుకుని లేచాడు.

"సరే, ఈ జతతో మళ్ళీ మొదలుపెడతాను. చలిగాలి వస్తోంది, ఆ కిటికీ ముయ్యి" అన్నాడు అక్కతో.

"మూయను. ఇక నుంచి ఈ గది నాది."

"మరి ఇవెక్కడుండాలి?"

"మీరెక్కడుంటే అక్కడ. అవి కావాలో నేను కావాలో తేల్చుకుని వచ్చి తలుపు కొట్టండి" అని అక్క ఆయన్ని గుమ్మం దాటించింది.

బావ హాల్లో నిలబడి ముందు డబ్బా మూత ఎత్తాడు. లోపల రెండూ కదులుతున్నాయో లేదో చూసుకున్నాడు. ఆ తర్వాత తలుపు వైపు తిరిగాడు. అప్పటికే అక్క గడియ వేసుకుంది.