బాలమ్మ పంజా

ఛత్రినాకలో పాలు పోసే బాలమ్మకు యాభై రెండేళ్లు. పొట్టి మనిషి, సన్నగా ఉంటుంది. ముప్ఫై ఏళ్లుగా రెండు పూటలా తన బర్రెలకు చేత్తోనే పాలు పితుకుతోంది. ఆ సంగతి బస్తీలో అందరికీ తెలుసు. అయినా ఆమె చేతుల్లో ఎంత బలం ఉందో ఎవరూ ఆలోచించలేదు. ఆమె కూడా ఆలోచించలేదు.

ఆ ఆదివారం సాయంత్రం హోటల్లో పాలు పోసి, ఖాళీ క్యాన్‌తో ఇంటికి వెళుతుంటే రోడ్డు మీద ఒకటే కేకలు, ఈలలు. కొత్తగా తెరిచిన జిమ్ ముందు టేబుల్ వేసి, దాని ఓనర్ వరుణ్ ఆడవాళ్లకు పంజా పోటీ పెట్టాడు. మోచేతులు టేబుల్‌కు ఆనించి, చేతులు కలిపి, ఎదుటివాళ్ల చెయ్యి వంచాలి. అక్కడ పనిచేసే అఖిల అప్పటికే ఐదుగురిని ఓడించింది. కత్తిరించిన జుట్టు, చేతుల్లేని బనియను, భుజం నుంచి మణికట్టు దాకా టాటూ.

బాలమ్మ ముఖం చిట్లించింది. పక్కనే నిలబడ్డ కిరాణా బాబురావుతో, "గీ పోరికి ఇంట్ల చెప్పెటోళ్లు లేరా? ఆ జుట్టేంది, ఆ బొమ్మలేంది!" అంది.

మెల్లగా అన్నాననే అనుకుంది. కానీ అఖిలకు వినపడింది.

"పెద్దమ్మా! ఆడ నిలబడి మాట్లాడుడేంది? రా, చెయ్యి కలుపు."

బాలమ్మకు సిగ్గేసింది. "నాకెందుకమ్మా, బర్రెలకు మేతెయ్యాలె" అంటూ కదలబోయింది.

అప్పుడు బాబురావు గట్టిగా నవ్వాడు. "పోనియ్ బిడ్డా! గాలొస్తే పడిపోతదామె. చెయ్యి ఇరిగితే రేపు మాకు పాలెవరు పోస్తరు?"

జనమంతా నవ్వారు. ఆ నవ్వుతో బాలమ్మ ఒళ్లు మండిపోయింది. క్యాన్ ఠప్పున కింద పెట్టి, కొంగు నడుముకు దోపి, వచ్చి కుర్చీలో కూర్చుంది.

చేతులు కలిశాయి. బాలమ్మ ముంజేతి మీద చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు ఉంది. దాని ఎదురుగా అఖిల చేతి మీద రంగురంగుల నెమలి. అఖిల రెండింటినీ చూసి పకపకా నవ్వింది.

"నీ చేతికి గూడ ఉంది గద పెద్దమ్మా బొమ్మ!"

"గిది పచ్చబొట్టు..." అంటూ మోచెయ్యి సర్దుకుంది బాలమ్మ.

వరుణ్ విజిల్ ఊదాడు. పెద్ద మనిషి కదా అని అఖిల చెయ్యి వదులుగానే పట్టింది. రెప్పపాటులో అఖిల చెయ్యి ధన్‌మని టేబుల్‌కు తగిలింది!

బస్తీ దద్దరిల్లింది. "అరే వా!" అని ఎవరో ఆటో పైకెక్కి అరిచారు. ఇది మూడు ఆటల పోటీ అని వరుణ్ గుర్తుచేశాడు.

రెండో ఆటలో అఖిల జాలి చూపలేదు. మణికట్టు లోపలికి తిప్పి, ఒడుపుగా లాగి గెలిచేసింది.

ఇక మూడోది. ఇద్దరి మెడ నరాలూ ఉబ్బాయి. బాలమ్మ చెయ్యి కిందికి వంగుతోంది, ఇంకా వంగుతోంది. "అయిపాయె!" అన్నాడు బాబురావు. అప్పుడు బాలమ్మకు తన పని జ్ఞాపకం వచ్చింది. పాలు పితికేటప్పుడు ఎలా చేస్తుందో అలాగే చూపుడు వేలు బిగించింది, తర్వాత నడిమి వేలు, ఉంగరం వేలు, చిటికెన వేలు. అఖిల పట్టు సడలింది. "ఏయ్... ఏయ్!" అంటూ జనం ముందుకు తోసుకొచ్చారు. నెమలి టేబుల్ మీద వాలింది!

అఖిల మూతి ముడుచుకుంటుందని బాలమ్మ అనుకుంది. ఆ పిల్ల ఎగిరి గంతేసి ఆమెను వాటేసుకుంది.

"ఏం పట్టు పెద్దమ్మా! నాకు గూడ నేర్పు. నీకు ఒడుపులు నేను నేర్పుత!"

అన్నట్టే మర్నాడు పొద్దున్నే కొట్టం దగ్గరికి వచ్చింది. బర్రె తన్నింది. పేడలో పడింది. అయినా మళ్లీ వచ్చింది. ఒకరోజు బాలమ్మ ఉండబట్టలేక అడిగింది.

"ఆ నెమలెందుకు బిడ్డా?"

"ఊకెనే. నచ్చింది."

బాలమ్మ దాన్ని దగ్గరగా చూసింది. "మంచిగనే ఉంది. ఆనాడు నిన్ను అనరాని మాటన్న. మనసుల పెట్టుకోకు."

"నేను మాత్రం? నువ్వు ముసల్దానివని చెయ్యి వదులు చేసిన. దెబ్బకు పడిన!"

మూడు నెలలకు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక ఫంక్షన్ హాల్లో యాభై దాటిన ఆడవాళ్లకు పంజా పోటీ జరిగింది. బాలమ్మ పేరు అఖిలే ఇచ్చింది. ఛత్రినాక నుంచి రెండు ఆటోల జనం వెళ్లారు. బాబురావు షాపు మూసి మరీ వచ్చి, దారి పొడుగునా "ఆమె బలం నేను ముందే కనిపెట్టిన!" అని చెప్పుకున్నాడు. బాలమ్మ నవ్వుకుంది.

ఫైనల్‌లో ఎదురొచ్చినావిడ తలుపంత మనిషి. ఆమెను చూడగానే బాలమ్మ గుండె జారింది. కానీ చేతులు కలిపితే తెలిసింది, ఆమె అరచెయ్యి చెమటతో తడిసి చల్లగా ఉంది. తనకంటే ఆమెకే ఎక్కువ భయం!

"ఫికర్ చెయ్యకు చెల్లె. మంచిగ ఆడుదాం" అంది బాలమ్మ.

ఆవిడ హమ్మయ్య అన్నట్టు నవ్వింది. ఆ తర్వాత ఇద్దరూ మంచిగానే ఆడారు. చివరికి ఆవిడ చెయ్యి టేబుల్‌కు తగిలి విజిల్ మోగేసరికి అఖిల స్టేజీ ఎక్కేసింది. బాలమ్మను అమాంతం పైకెత్తి గిరగిరా తిప్పుతోంది.

"దించవే పోరీ, కళ్లు తిరుగుతున్నయ్!" అని అరుస్తూ, తేలు పచ్చబొట్టున్న చేతిని గాల్లోకి లేపి ఊపింది బాలమ్మ.