బాప్తిస్మానికి వెళితే సముద్రం లేదు

నేను చేసిన తెలివితక్కువ పనులన్నీ ఒకచోట పేరిస్తే మా ఊరి చర్చికి ప్రహరీ గోడ లేస్తుంది. అందులో ఒక్కటి మాత్రం గోడకి సరిపోదు, పునాదిలో వేయాలి, అంత బరువైనది. అది ఖతర్‌లో జరిగింది. దాంట్లో ఒక డ్రైవరు ఉద్యోగం, ఒక ఆయమ్మ శుక్రవారాలు, నా ప్రాణం, మూడూ పోబోయాయి. ముందే చెబుతున్నాను, నవ్వొస్తే నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ తలుచుకుంటే అరికాళ్ళు చెమట పడతాయి.

తొంభైల్లో మాట. నాకు ముప్ఫై కూడా నిండలేదు. గోదావరి కాలవల మధ్య పుట్టి, కాలవగట్ల మీద ప్రసంగాలు చేసి, ఆ కాలవల్లోనే జనానికి బాప్తిస్మాలు ఇచ్చినవాణ్ణి. దోహాలో ఉన్న మనవాళ్ళు కొందరు విజిట్ వీసా పంపించి పిలిపించారు. అక్కడ అప్పట్లో మనకి చర్చీ లేదు, గంటా లేదు, పైకి తెలిసేలా ప్రార్థన చేసుకునే వీలూ లేదు. సెలవు రోజైన ఒక శుక్రవారం ఊరవతల తోటలో టమాటా పండించే కూలీల గదిలో, ఒక సాయంత్రం రాస్ లఫాన్‌లో గ్యాస్ పనివాళ్ళ క్యాంపులో మంచాల మధ్య, ఇంకో రోజు దోహాలోని నజ్మా పేటలో ఒక ఇరుకు గదిలో, ఇలా తిరిగేవాణ్ణి.

నన్ను తిప్పేది దేవదానం. కడప జిల్లా మనిషి, ఒక ఖతరీ ఇంట్లో హౌస్ డ్రైవరు. నాకంటే పెద్దవాడు, నాకంటే భయస్థుడు. గదిలోకి వెళ్ళేముందే హెచ్చరికలు మొదలెట్టేవాడు.

"అయ్యగారూ, చెప్పులు బయట ఇడవాకండి. లోపలికి తెచ్చుకోండి. బయట కుప్ప కనబడితే ఈడేందో జరగతాందని అనుకుంటారు."

"సరేనయ్యా."

"పాట మెల్లిగా. చప్పట్లు వద్దు. ఆమెన్ కూడా లోపల్లోపల అనుకుందాము."

మైకు లేకపోయినా పక్క ఊరికి వినపడే గొంతు నాది. దాన్ని గుసగుసలోకి దించి ప్రసంగించడం ఎంత నరకమో మీకేం తెలుసు! కేకలు వేయడానికి వీల్లేదు కాబట్టి ఆ బలమంతా మాటల్లో పెట్టేవాణ్ణి. అక్కడే కొంప మునిగింది.

దేవదానం పనిచేసే ఇంట్లోనే సుగుణమ్మ అనే ఆవిడ పిల్లల్ని చూసుకునేది. ఈమెదీ కడప జిల్లానే. ఎన్నో ఏళ్ళుగా నజ్మా గదికి వస్తోంది గాని బాప్తిస్మం కాలేదు. ఇచ్చేవాడు దొరకలేదు. మా సంఘాల్లో బాప్తిస్మం లేనివాళ్ళకి ప్రభువు బల్లలో రొట్టె, రసం ఇవ్వరు. నేను తిరిగి వెళ్ళిపోయే ముందు ఆవిడ నా దగ్గరికి వచ్చింది.

"ప్రతి శుక్రవారం రొట్టె పళ్ళెం నా చేతికొస్తాది అయ్యగారూ. నేను తీసుకోకుండా పక్కామెకు అందిస్తా. ఎన్నాళ్ళని అందించేది?"

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. రేపు శుక్రవారం, ఎల్లుండి నా విమానం. మళ్ళీ ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో తెలీదు.

"రేపు పొద్దున్నే సముద్రంలో ఇచ్చేద్దాం" అన్నాను.

వాళ్ళ మేడం మంచిదే. పొద్దున ప్రార్థనకని ఇద్దర్నీ వదిలింది, కారు కూడా ఇచ్చింది. ఒక్కటే షరతు. మధ్యాహ్నం చుట్టాలు భోజనానికి వస్తారు, ఇంటిల్లిపాదీ నిద్ర లేచేసరికి సుగుణమ్మ వంటింట్లో ఉండాలి. లేకపోతే ఇక శుక్రవారాలు ఉండవు, ప్రార్థన అన్న మాటే ఎత్తకూడదు.

దేవదానం తల గోక్కున్నాడు. "అయ్యగారూ, సముద్రంలో నీళ్ళు ఎప్పుడుంటాయో ఆడ చేపలోళ్ళను అడిగి పోదామా?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది. "సముద్రంలో నీళ్ళు లేకపోవడం ఏమిటయ్యా! అదేమన్నా మా కాలవా, లాకులు మూసేయడానికి?"

ఆటుపోట్లు అనే మాట నేను ఎన్ని ప్రసంగాల్లో వాడానో లెక్కలేదు. కుటుంబంలో ఆటుపోట్లు, విశ్వాస జీవితంలో ఆటుపోట్లు. సముద్రానికి కూడా ఉంటాయని మాత్రం ఆ క్షణాన తట్టలేదు.

అంతటితో ఊరుకున్నానా? ఆ సాయంత్రం నజ్మా గదిలో బాప్తిస్మం గురించే ప్రసంగం. నెత్తిన నాలుగు చుక్కలు చల్లితే కుదరదన్నాను. ముంచాలన్నాను. "తలమీద ఒక్క వెంట్రుక పొడిగా మిగిలినా అది స్నానమే గాని బాప్తిస్మం కాదు" అని గుసగుసగా గర్జించాను. ముందు వరసలో కూర్చున్న సుగుణమ్మ తల ఊపుతూ ప్రతి అక్షరం మింగింది.

తెల్లవారింది. అల్ వుకైర్ దాటి, అల్ వక్రా వైపు తీరానికి చేరాం. నేను తెల్ల చొక్కా, తెల్ల పంచె. భుజానికి సంచీ, అందులో బల్ల కోసం ఒక రొట్టె, బిగువైన మూత ఉన్న చిన్న సీసాలో ద్రాక్షరసం. ఆవిడ తడిసి బయటికి రాగానే ఒడ్డునే బల్ల ఇచ్చి పంపాలని నా ఏర్పాటు. సుగుణమ్మ ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా కింద తెల్ల చీర దాచుకుని వచ్చింది.

దేవదానం బండి ఆపాడు. ముగ్గురం అద్దంలోంచి చూశాం. 

"సముద్రం యాడుంది అయ్యగారూ?" అంది సుగుణమ్మ.

ఎదురుగా తడి ఇసుక, బురద, పక్కకి ఒరిగిపోయి పడుకున్న పడవలు. చాలా దూరాన ఒక సన్నటి గీత మెరుస్తోంది. సముద్రం వెళ్ళిపోయింది! నా గొంతులో తడి కూడా దాంతోనే వెళ్ళిపోయింది.

"మళ్ళీ ఎప్పుడొస్తుందయ్యా?" అన్నాను నీరసంగా.

"మేడం లేసినాంక" అన్నాడు దేవదానం.

ఇక నడిచి వెళ్ళడమే. సుగుణమ్మ అబాయా తీసి కార్లో పెట్టింది. నడిచాం. చీలమండల దాకా నీళ్ళు వచ్చాయి. హమ్మయ్య అనుకున్నాను. ఇంకా నడిచాం. పిక్కల దాకా వచ్చాయి. ఇంకా, ఇంకా నడిచాం. మోకాళ్ళ దాకా వచ్చి, అక్కడే ఒట్టు పెట్టుకున్నట్టు ఆగిపోయాయి. వెనక్కి చూస్తే కారు అగ్గిపెట్టెంత ఉంది. ముందుకి చూస్తే అవే మోకాలి నీళ్ళు.

"సుగుణమ్మా, ఇక్కడ కూర్చో. కూర్చోబెట్టి వెనక్కి పడుకోబెడతాను" అన్నాను.

కూర్చుంది. పడుకోబెట్టాను. ఒక పక్క ముంచితే ఇంకో పక్క మోకాలు తేలింది. మోకాలు నొక్కితే ముఖం తేలింది.

"బండిలో బకెట్టుంది, కారు కడిగేది. తెచ్చేదా?" అన్నాడు దేవదానం.

"ఊరుకో అన్నా!" సుగుణమ్మ చివాల్న లేచింది. "ఒక్క ఎంటిక పొడిగా ఉన్నా చెల్లదంట. రాత్రి అయ్యగారే చెప్పినారు గదా. నాకు అట్ల సగం సగం వద్దు."

నా ప్రసంగం శ్రద్ధగా విన్న మనిషి నా జీవితంలో ఈవిడొక్కతే. ఆ రోజే వినాలా?

అంతలో దేవదానం ముఖం పాలిపోయింది. "అయ్యగారూ, జీపు!"

ఒడ్డున మా కారు పక్కన ఒక జీపు ఆగింది. ఒకతను దిగి, చెయ్యి అడ్డం పెట్టుకుని మావైపే చూస్తున్నాడు. పోలీసో, తీరం కాపలావాడో. పట్టుకుంటే నన్ను విమానం ఎక్కిస్తారు, అది నాకు ఎలాగూ రేపు ఉంది. వీళ్ళిద్దరి సంగతి? నజ్మా గదిలో వాళ్ళందరి సంగతి?

"వంగండి! గవ్వలు ఏరతాండట్ల వంగండి!" అన్నాడు దేవదానం.

వంగాం. తెల్ల పంచె, తెల్ల చీర, డ్రైవరు యూనిఫారం, ముగ్గురం నడుం విరిగేలా వంగి లేని గవ్వల్ని ఏరాం. నిజంగా ఒక గవ్వ దొరికితే నేను దాన్ని పైకెత్తి ఒడ్డుకి చూపించాను కూడా. పిచ్చివాళ్ళనుకున్నాడో ఏమో, జీపు వెళ్ళిపోయింది.

ఎండ ఎక్కుతోంది. దేవదానం మాటిమాటికీ వాచీ చూస్తున్నాడు. "మేడం లేసే టైమయితాంది. యల్లా అయ్యగారూ, వెనక్కి పోదాము" అన్నాడు. సుగుణమ్మ ఇంకా దూరాన మెరిసే నీళ్ళవైపే చూస్తోంది. ఆవిడ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. ఏడవకూడదు కాబట్టి ప్రసంగించాను. వాళ్ళవైపు తిరిగి, సముద్రంలోకి వెనక్కి వెనక్కి నడుస్తూ, చెయ్యెత్తి,

"విశ్వాసంతో ఇంకొక్క అడుగు వేసేవాళ్ళకి..."

ఆ ఇంకొక్క అడుగు కింద నేల లేదు. పడవలు వచ్చిపోవడానికి తవ్విన లోతు దారి అది. మాట సగంలో ఉండగానే నేను మాయమయ్యాను.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. కాలవల మధ్య పుట్టానన్నాను గాని ఈతొచ్చని అన్లేదు. మా కాలవల్లో గుండెల దాకా నీళ్ళలో నిలబడి అవతలివాళ్ళని ముంచడమే తప్ప నేను మునిగింది నా బాప్తిస్మం రోజున ఒక్కసారే. కళ్ళు తెరిస్తే ఆకుపచ్చగా ఉంది. నోరు తెరిస్తే ఉప్పు. అయిపోయిందనుకున్నాను. ఇంతలో నా జుట్టు ఎవరో పట్టుకుని పైకి లాగారు.

సుగుణమ్మ! ఒక చేత్తో నా జుట్టు, ఇంకో చేత్తో ఈత. అంత లోతులో హాయిగా తేలుతోంది.

"భయపడాకండి అయ్యగారూ. చిన్నప్పుడు మా చేను బాయిలో పైనుంచి దూకేటోళ్ళం."

అంచుకి తెచ్చి నన్ను దేవదానానికి అప్పగించింది. నేను దగ్గాను, కక్కాను, వణికాను. ఆవిడ మాత్రం ఆ లోతులోంచి ఆశగా చూస్తోంది.

"ఈడ బాగా లోతుండాది. ఇచ్చేయండి."

"బాప్తిస్మమా? ఇప్పుడా?"

"మీరు రావాకండి. ఆడ్నే ఉండండి. నేనే దగ్గరికి వస్తా."

లోకంలో అలాంటి బాప్తిస్మం ఇంకోటి జరిగి ఉండదు. దేవదానం నా నడుం రెండు చేతులా పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు. నేను ముందుకి వంగి, ఆవిడ నెత్తిమీద చెయ్యి పెట్టి, పళ్ళు టకటకలాడుతుంటే "తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో" అన్నాను. ఆవిడ తనంతట తనే బుడుంగుమని మునిగింది. వెంట్రుకతో సహా. పైకొచ్చిన ముఖం చూసి నా భయమంతా ఒక్క క్షణం ఎగిరిపోయింది. నిజంగా వెలిగిపోయింది ఆ ముఖం.

"ఓ హిందీ! క్యా కర్తా?"

ఉలిక్కిపడ్డాం. హిందీ అంటే అక్కడ ఇండియావాడని. మర పడవ ఒకటి ఆ లోతు దారి వెంట వస్తూ మా పక్కనే ఆగింది. తలకి గుడ్డ చుట్టుకున్న ముసలాయన, అక్కడివాడే. ఆ వయసు వాళ్ళందరికీ వచ్చిన తునకల హిందీలో అడిగాడు, ఆ అమ్మాయిని ఎందుకు నీళ్ళలో నొక్కుతున్నాడు ఈ మనిషి, పోలీసుల్ని పిలవాలా అని.

నా నడుం వదలకుండానే దేవదానం ముసలాయనవైపు తిరిగాడు. ఏదో ఒకటి చెప్పాలి. నన్ను చూశాడు, నీళ్ళు చూశాడు.

"యే ఉస్తాద్, బాబా" అన్నాడు. "స్విమ్మింగ్ సిఖాతా." నన్ను ఈత నేర్పే గురువుని చేసేశాడు!

ముసలాయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఊడిపోయిన పంచె, చెవుల్లోంచి కారే నీళ్ళు, నడుం పట్టుకున్న డ్రైవరు. ముగ్గుర్నీ పడవలోకి ఎక్కించుకున్నాడు.

ఎక్కగానే సంచీ తెరిచాను. రొట్టె లేదు, ఉప్పు గంజి ఉంది. నేను తలెత్తి సుగుణమ్మ ముఖం చూడలేకపోయాను. ఇన్నేళ్ళు ఆగిన మనిషిని, ఇంత చేసి, ఇంకో శుక్రవారం దాకా ఆగమని ఎలా చెప్పాలి?

ముసలాయన మా వణుకు చూసి తన పొట్లం విప్పాడు. ఖుబ్బూస్ రొట్టె తీసి ముక్కలు చేసి, "బిస్మిల్లా. ఖావో, ఖావో" అంటూ మొదటి ముక్క సుగుణమ్మ చేతిలోనే పెట్టాడు. ఆవిడ తినలేదు. నావైపు చూసింది. నాకు అర్థమైంది. కళ్ళు మూయకుండా, పెదవి కదపకుండా, నా జీవితంలోకెల్లా పొట్టి ప్రార్థన చేసి తల ఊపాను. సంచీలోంచి సీసా తీశాను. ముసలాయన కళ్ళు దానిమీద పడ్డాయి.

"దవా, దవా" అన్నాడు దేవదానం, దగ్గు మందని. నేను సరిగ్గా అప్పుడే దగ్గాను, నటించక్కర్లేకుండానే.

సుగుణమ్మ రొట్టె తింది. మూతతో గుక్కెడు రసం తాగింది. తర్వాత వెక్కి వెక్కి ఏడ్చింది. రొట్టె బాగా లేదేమోనని ముసలాయన కంగారుపడి ఇంకో ముక్క మీద జున్ను పెట్టి ఇచ్చాడు.

పడవ మమ్మల్ని కారున్న చోటికి దగ్గరగా తెచ్చింది. నడిచే బాధ తప్పింది కాబట్టే వీళ్ళు టైముకి ఇల్లు చేరారు. తల తడిగా ఎందుకుందని మేడం అడిగితే స్నానం చేశానందట సుగుణమ్మ. అది కూడా నిజమే కదా. ఆమె శుక్రవారాలకి ఏ ఢోకా రాలేదు.

కానీ పడవ దిగేటప్పుడు జరిగింది చెప్పాలి. సుగుణమ్మ దణ్ణం పెట్టి దిగుతుంటే ముసలాయన ఆపాడు. నావైపు ఒక్కసారి జాలిగా చూసి, ఆవిడతో చాలా గంభీరంగా, కన్నకూతురికి చెప్పినట్టు చెప్పాడు.

"బిన్తీ, యే ఉస్తాద్ మాఫీ జైన్. దూస్రా దేఖో."

అమ్మాయ్, ఈ గురువు పనికిరాడు, ఇంకొకర్ని చూసుకో.

బైబిలు ప్రకారం మేము ఒట్లు పెట్టుకోకూడదు. అయినా ఆ బురదలోనే, తడి పంచెతో, దేవదానం సాక్షిగా గట్టి ఒట్టు పెట్టుకున్నాను. ఇక ఈ జన్మలో ఎవరికి బాప్తిస్మం ఇచ్చినా, వాళ్ళ విశ్వాసం సంగతి తర్వాత, ముందు ఈతొచ్చా అని అడుగుతాను. రాదంటే ఇవ్వను. నన్ను బయటికి లాగడానికి అక్కడ ఎవరో ఒకరు ఉండాలి కదా!