పిడికెడు మందారం

మా ఇంటి నూనె కోసం ఒకప్పుడు మారండహళ్ళి నుంచి కూడా బస్సెక్కి వచ్చేవారు. వేడికి తల మండినా, జ్వరం తగ్గాక జుట్టు రాలినా మా అవ్వ కాచిన మందార నూనే మందు. తరువాత భూములు పోయాయి, మేడ పోయింది. పెరట్లో ఒంటిరెక్క ఎర్ర మందారం, అవ్వ చేతిరాత పుస్తకం మిగిలాయి.

అవ్వ పోయాక జనం మా గేటు దాటి వెనక వీధికి వెళ్ళసాగారు. అక్కడ కట్టడం పనికి వెళ్ళే ఒక కూలీ మనిషి ఆదివారాలు అదే నూనె కాచి ఇచ్చేది. ఆమె తల్లి మా ఇంట్లో పనిచేసేది. మా చెట్టు కొమ్మే తీసుకెళ్ళి వాళ్ళ గోడ పక్కన నాటింది. ఆదివారం ఆమె గుమ్మం ముందు ఎన్ని జతల చెప్పులున్నాయో చూడకుండా ఉండలేకపోయేవాణ్ణి.

ఆమెకు తెలుగు చదవడం రాదు. పుస్తకం నా దగ్గరే ఉంది. సేరు కొబ్బరినూనెకు పిడికెడు పువ్వులని అందులో రాసి ఉంది. అలాగే కాచి, మొదటి సీసా ఎదురింటి పెద్దాయనకు ఇచ్చాను. పది రోజులకు తిరిగి తెచ్చాడు. పైన తెల్లటి బూజు.

"ఇది తలకి పూసేదా, దీపానికి పోసేదా అప్పా?" అన్నాడు.

నాతో చెప్పకుండా నా భార్య వెనక వీధి ఆమెను పిలిచింది. ఆమె సీసా వాసన చూసింది.

"పువ్వు ఎక్కువైపోయింది సామీ. తడి ఆరక పూసణం పట్టింది."

"పుస్తకంలో పిడికెడనే ఉంది."

"ఎవురి పిడికెడు? అవ్వ యానాడూ చెట్టు కాడికి వచ్చింది లేదు. కోసిచ్చేది మా అమ్మ. మా అమ్మదీ ఇంత చెయ్యే, చూడండి."

సిమెంటుకు పగిలిన చిన్న చెయ్యి. మా అవ్వ రాసిన పిడికెడు ఆ చేతి కొలతే అనేసరికి నాకు కడుపు మండింది. కోసి చూపించమన్నాను, అడిగినట్టు కాదు, పని చెప్పినట్టు. ఆమె పిడికిట్లో తొమ్మిది పువ్వులే పట్టాయి. నేను ఇరవై దాకా వేసి ఉంటాను.

ఈసారి నూనె కుదిరింది. సీసాలు పక్కన పెట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. మూడు ఆదివారాలు ఎవరూ రాలేదు. నాలుగో ఆదివారం బిడ్డను ఎత్తుకున్న ఒకామె గేటు దగ్గర ఆగింది.

"మొరప్పూరు నుంచి వచ్చినాము అన్నా. తలనూనె ఇచ్చే అక్క ఇల్లు ఏది?"

రండి, తీసుకోండి అని మా వంశంలో ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

"వెనక వీధి, నీలం తలుపు," అన్నాను.