ముందు నడిచిన మనిషి

మా పెద్దబాపు పోయాడని మొన్న ఆదివారం మధ్యాహ్నం మక్తల్ నుంచి ఫోన్ వచ్చింది. నేను సముద్రాలు దాటి వచ్చి స్థిరపడ్డ పాపటోయిటోయిలో, ఇంటి వెనక బట్టలు ఆరేస్తున్నాను. "నిద్రల్నే పోయిండక్కా" అన్నాడు ఆయన కొడుకు. ఏడుపు వెంటనే రాలేదు. చేతిలోని తడి చొక్కా తీగమీద వేసి, క్లిప్పు పెట్టి, అప్పుడు మెట్లమీద కూర్చుని ఏడ్చాను.

నాన్న పోయాక నన్ను పెంచింది ఆయనే. మేము కురుమలం. పెద్దబాపుకు బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల మందే లోకం. ఊరి చుట్టూ కంచెలు పడి, మేపడానికి బీడు లేక మంద అమ్ముకున్నాక ఆయన మంచం దిగడం మానేశాడు. ఫోన్ కార్డులు గీకి ఇంటికి మాట్లాడుకునే రోజులవి. అప్పట్లో నేనూ మా ఆయనా ఈ దేశపు దక్షిణ దీవి సౌత్ ఐలండ్‌లో టెకాపో సరస్సు ఒడ్డున ఒక మోటెల్ నడిపేవాళ్ళం. విజిటర్ వీసా మీద పెద్దబాపును రప్పించుకున్నాం.

సరస్సు చూసి, "ఇన్ని నీళ్ళల్ల నీలిమందు ఎవరు కలిపిన్రు బిడ్డా?" అన్నాడు. కొండమీద పేరుకున్న మంచు కిందికి జారుతూ రాళ్ళను అరగదీసి ఆ పిండిని నీళ్ళలోకి తెస్తుందని, ఆ రంగు దానివల్లేనని మా ఆయన చెప్పాడు. "అయితే ఈడ కొండలకు గూడ గిర్ని ఉన్నదన్నట్టు" అని నవ్వాడు. ఒడ్డున గొర్రెల కుక్కకు నిలబెట్టిన విగ్రహానికి రోజూ దండం పెట్టేవాడు. "మన దిక్కు లీడర్లకు పెడ్తరు. వీళ్ళు పని జేసినోనికి పెట్టిన్రు" అనేవాడు. కంచె ముళ్ళకు చిక్కిన ఉన్ని ఏరి, తొడమీద పురి పెట్టి చూసి పెదవి విరిచేవాడు. ఇక్కడి మెరీనో జాతి గొర్రెల ఉన్ని మరీ మెత్తనట, పసిపిల్లల బట్టలకు తప్ప గొంగడికి పనికిరాదట.

మా పక్కన గొర్రెలు పెంచే ఒక రైతు ఉండేవాడు. వేసవంతా పైకొండల్లో మేసిన మందలను మంచు పడకముందే కిందికి తోలుకొస్తారు. చూద్దురు రమ్మని మమ్మల్ని పిలిచాడు. మా వైపు కాపరి ముందు నడుస్తాడు, మంద ఆయన వెనక వస్తుంది. ఇక్కడ మనుషులు వెనక, కుక్కలు ఇంకా వెనక, ఈలలు, అరుపులు. పెద్దబాపు ఎంతసేపు ఓర్చుకుంటాడు? కర్ర పట్టుకుని గబగబా మందకు ఎదురెళ్ళి, ముందు నిలబడి, తన గొర్రెలను పిలిచినట్టు "ఓ... హోయ్" అని పిలిచాడు. ఎదురుగా మనిషి రావడం ఎరగని గొర్రెలు బెదిరి, వెనక్కి తిరిగి, చెల్లాచెదురుగా కొండెక్కేశాయి. పొద్దుటి నుంచి చేసిన పనంతా గంగపాలు. రైతు అరిచిన అరుపులను నేను తెలుగులో చెప్పలేదు. చెప్పకుండానే ఆయనకు అర్థమయ్యాయి.

ఆ తర్వాత కిటికీకి వీపు పెట్టి కూర్చునేవాడు. "మంద అమ్ముకున్నోడినని వాటికి గూడ ఎరుకైంది బిడ్డా. ఇగ నేనేం కాపరిని?" అన్నాడు. టికెట్ ముందుకు జరిపించమన్నాడు. బతిమాలాను, కోప్పడ్డాను, వినలేదు. ఇలాగే ఊరెళ్తే ఆయన మళ్ళీ ఆ మంచం దిగడని నాకు భయం.

ఆ వారమే మంచు కురిసింది. పక్కరైతు గొర్రెలు వాలులో నడుములోతు మంచులో చిక్కుకుపోయాయి. అలాంటప్పుడు అవి వాటంతట అవి కదలవు, నిలబడ్డచోటే ప్రాణం వదిలేస్తాయి. కుక్కలు దిగబడిపోతాయి. మనుషులే మంచు తొక్కి దారి చేసి, ముందు నడవాలి. రైతు టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు. "పెద్దాయన వస్తాడా? ఇవాళ నాకు ముందు నడిచేవాళ్ళే కావాలి" అన్నాడు. నేను తెలుగులో చెప్పడం పూర్తికాకముందే పెద్దబాపు గొంగడి కప్పుకుని బయట నిలబడ్డాడు.

కిందినుంచి మంచు తొక్కుకుంటూ మంద దాకా ఎక్కాం. దిగేటప్పుడు, దారి బాగా అణిగి ఉంటుందని, ఆయన్ను మా అందరి వెనక పెట్టారు. అంటే మందకు ముందు ఆయనే. ఈసారి గట్టిగా పిలవలేదు. ఇంట్లో నిద్రపోతున్న పిల్లను లేపినట్టు, మెల్లగా పిలిచాడు. చాలాసేపు ఏమీ వినపడలేదు. నేను వెనక్కి తిరగబోతే, "చూడకు బిడ్డా, అనుమానపడ్తయ్" అన్నాడు. అప్పుడు వినపడింది, మంచుమీద ఒక గొర్రె గిట్టల చప్పుడు, దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత లెక్కలేనన్ని.

సరస్సు ఒడ్డున గాలికి మంచు నిలవనిచోట రైతు ఎండుగడ్డి పరిచాడు. మేమంతా పక్కకు తప్పుకున్నాం. పెద్దబాపు మాత్రం ఆ ఇరుకు దారి చివర కదలకుండా నిలబడ్డాడు. ఆయన నిలబడితే వెనక మంద కూడా నిలబడింది, వాలు పైదాకా ఒకే వరుసలో, ఆవిర్లు కక్కుతూ.

"జరుగు పెద్దబాపూ, ఆకలితోటి ఉన్నయ్" అన్నాను.

"జరుగుత బిడ్డా" అన్నాడు. చెంపలు తడిసిపోయి ఉన్నాయి. "ఇంకొంచెం సేపు నా ఎనక ఉండనీ."