గల్లాపెట్టె వెనక కూర్చోను

మా ఇళ్ళలో అంగడి యజమాని మూట ఎత్తడు. ఎత్తితే దివాలా తీసినట్టే లెక్క. ఆళ్లగడ్డ బజారులో మా మామ కాలం నుంచీ ఇదే మర్యాద. గల్లాపెట్టె వెనక పరుపు మీద కూర్చొని చెయ్యి చూపిస్తే హమాలీ ఎత్తాలి. మా మామ అట్లే కూర్చున్నాడు, కాళ్ళకు నీరొచ్చి పోయాడు. నా మొగుడూ అట్లే కూర్చున్నాడు. చక్కెర జబ్బు ముదిరి కళ్ళు పోయాయి, తరువాత మనిషీ పోయాడు. ఆ పరుపు నాకొచ్చింది. జబ్బూ వచ్చింది.

యాభై దాటాక నాకు అక్షరాలు వచ్చాయి. మనవరాలి రెండో తరగతి వాచకంతో మొదలుపెట్టాను. ఆ పిల్ల ఇప్పుడు నంద్యాల కాలేజీలో జీవశాస్త్రం చదువుతోంది. దాని పాత పుస్తకాలన్నీ నాకే వస్తాయి. కూడబలుక్కుంటూ చదువుతాను, అర్థం కానిది ఫోన్ చేసి అడుగుతాను. ఇంత ఆలస్యంగా దొరికిన దాన్ని ఎవడి కోసమూ వదులుకోను.

అందుకే పోయిన ఏడాది నంద్యాల డాక్టరమ్మ మాట నా గుండెల్లో పడింది. "కంటి వెనక మచ్చలు మొదలైనాయి. చక్కెర తగ్గకపోతే చూపుకు ప్రమాదం. మాత్రలొక్కటే చాలవు. కూర్చోవడం తగ్గించి నడవండి," అంది.

"ఊరికే నడవడం నాకు చాతకాదమ్మా. పని ఉంటే పోతాను. ఉత్తగా పోయి ఉత్తగా రావడమేంది? బరువులెత్తొచ్చా?"

ఆమె నవ్వి, నా గుండె, మోకాళ్ళు, కళ్ళు అన్నీ చూసి, చిన్న బరువులతో మెల్లగా మొదలుపెట్టమంది.

మరుసటి పొద్దున అంగడి తెరవగానే చిన్న కందిపప్పు సంచి ఒకటి గోడ దగ్గర నుంచి తెచ్చి గుమ్మం పక్కన పెట్టాను. తరువాత శనగల సంచి. మా హమాలీ ఇంచుమించు నా ఈడువాడే. తలగుడ్డ చేతిలో పట్టుకొని అట్లే నిలబడిపోయాడు.

"ఏందక్కా, నా కూలికి ఎసరు పెడతాండావా?"

"నీ కూలి నీకే అప్పా. పెద్ద మూటలు నీవి, చిన్నవి నావి."

"జనం నన్ను తిడతారు, ముసలామెతో మోయిస్తాండాడని."

"తిట్టనీ. నోరు నొప్పి పుడితే వాళ్ళే మానుకుంటారు."

మధ్యాహ్నానికే బజారంతా తెలిసింది. ఎదురుగా నూనెల అంగడి పెట్టుకున్న మరిది, వరసకే మరిది, రోడ్డు దాటి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"వదినా, ఇబ్బందేమన్నా ఉంటే నాతో చెప్పకూడదా? హమాలీని మానిపించినావంట."

"ఆడ నిలబడుకోనుండాడు కదా, కండ్లు లేవా నీకు?"

నా కొడుకు చాగలమర్రి నుంచి సరుకుతో వచ్చి దిగీ దిగకముందే అందుకున్నాడు. "ఏందమ్మా ఇది? చాగలమర్రిలో కూడా అడుగుతాండారు, మీ అంగడి మునిగిందా అని. పరువు తీస్తాండావ్."

"నా కళ్ళు పోతే నీ పరువుతో చదువుకోనా?"

వాడు ఊరుకోలేదు. ఆ వారంలోనే నంద్యాల పోయి, కసరత్తు చేసే కుర్రాళ్ళకు మందులమ్మే ఎవడి దగ్గరో ఐసులో పెట్టిన చిన్న గాజు సీసా తెచ్చాడు. "ఇది పెప్టైడ్. కష్టం చేస్తే ఒంట్లో పుట్టేది ఇదేనంట. సూదేసుకొని పరుపు మీద కూర్చో. మూటలెత్తినట్టే."

మనవరాలికి ఫోన్ చేశాను.

"జేజీ, మైటోకాండ్రియా గుర్తుందా?" అంది.

గుర్తుంది. ఒంట్లోని కణాల్లో ఉంటాయి, తిన్నదాన్ని శక్తిగా మారుస్తాయి. పొయ్యి అనుకున్నాను ఇన్నాళ్ళూ. వట్టి పొయ్యి కాదంట. దానికి సొంత డీఎన్ఏ ఉంది. అందులోని రాతను బట్టి చిన్న చిన్న ప్రోటీన్ ముక్కలు తయారవుతాయి, వాటినే పెప్టైడ్లంటారు. కండ కష్టపడినప్పుడు అందులో ఒక రకం పెరుగుతుందంట. శక్తి తగ్గింది, నెత్తురులోని చక్కెరను లోపలికి లాక్కొని వాడుకోండి అని కణాలకు కబురు పంపుతుందంట. పొయ్యి నోరు తెరిచి కట్టెలడిగినట్టు.

"ఇంకోటి జేజీ. ఆ డీఎన్ఏ అమ్మ నుంచే వస్తుంది. నాయన నుంచి రాదు."

మా అమ్మది దొర్నిపాడు. నాయన పోయాక ఉప్పు గంప నెత్తిన పెట్టుకొని ఊరూరా తిరిగి అమ్మింది. ఉయ్యాలవాడ దాకా పోయేది. 'గంప మోసినదాని కూతురు' అని మా అత్త బతికినన్నాళ్ళూ నన్ను దెప్పింది. అన్నాళ్ళూ తలొంచుకొని విన్నాను.

సీసాను డాక్టరమ్మకు చూపించాను. "ఎలుకల్లో బాగా పనిచేసింది. మనుషుల్లో ఇంకా తేలలేదు. ఈ సీసాలో ఏముందో దేవుడికి తెలియాలి, వేసుకోవద్దు," అంది. నా సంచులతో ఆ పెప్టైడే పెరుగుతోందా అనడిగితే, అది కూడా చెప్పలేనంది. "కండ కదిలితే చక్కెర ఖర్చవుతుంది. అది మాత్రం ఖాయం." తెలియనిది తెలియదన్నందుకు ఆమె మీద నమ్మకం పెరిగింది.

సీసా తెచ్చి కొడుకు చేతిలో పెట్టాను.

"మన అంగట్లో ఉండే సరుకును పక్కంగట్లో కొంటామారా?"

వాడు కాదనలేకపోయాడు. వ్యాపారస్తుడు కదా.

మాత్రలు మానలేదు, సంచులూ మానలేదు. మొన్న పరీక్ష చేయిస్తే చక్కెర దిగింది. కంటి మచ్చలు పోలేదు, పెరగనూ లేదు. కొడుకు కాగితం చూసి, "తగ్గింది కదమ్మా, ఇంక కూర్చో," అన్నాడు. నేను పోయి గల్లాపెట్టె వెనక పరుపు చుట్టి హమాలీకిచ్చేశాను. బండి సరుకు దింపాక అతను దాని మీదే నడుం వాలుస్తున్నాడు. కొడుకు అటు చూడకుండా పోతాడు.

నూనెల మరిది నిన్న మళ్ళీ వచ్చాడు. పరుపు లేని చోటును వంగి వంగి చూశాడు పాపం.

"అంగడి నిజంగానే మునిగిందా వదినా?"

"మునిగింది. ఈ సంచి ఇంకో కొస పట్టు."