కత్తికి కనపడని నరం

మా ఆవిడ మెడలో గడ్డ తీస్తూ డాక్టరు ఆమె గొంతు నరం తెంపేశాడు. పైగా, "భయంతో మొండికేస్తోంది, గట్టిగా అరవమనండి" అని ఇంటికి పంపాడు.

ఇది తొంభైల్లో, గవర్నర్‌పేటలో జరిగింది. ఆమె పటమట వీధుల్లో చేపలమ్మేది. "కొరమీన్లమ్మా, కొరమీన్లూ!" అని కేకేస్తే మేడల మీదివాళ్లూ దిగివచ్చేవారు. ఆపరేషన్ తర్వాత గుసగుసే మిగిలింది. తట్ట నిండుగానే తిరిగొచ్చేది. "ఏమయ్యా, నా గొంతు ఆయన కాడే ఉండిపోయింది, ఎల్లి అడుగు" అనేది. నన్ను పిలవాలంటే గరిటెతో గ్లాసు మోగించేది. ఆమె పోయాక కూడా, ఎక్కడ గ్లాసు మోగినా తల తిప్పుతున్నాను.

నాకు బడి చదువు లేదు, గ్రంథాలయంలో కూర్చుని నేర్చుకున్నదే. ఆపరేషన్లలో నరం కనపడక తెగిపోతుంటుందనీ, ఎలుకలకు ఒక రంగుమందు ఎక్కిస్తే నరాలు వెలుగుతున్నాయనీ, రేపు మనుషులకూ అది వస్తే కత్తి నరం జోలికి పోదనీ ఆమె పోయిన కొన్నాళ్లకు పేపర్లో చదివాను. కోపం ఆగక, ఆ పేపరు తీసుకుని డాక్టరు ఇంటికే వెళ్లాను.

"ఇప్పుడైనా చెప్పండి. మా ఆవిడ మొండికేసిందా?"

ఆయన అంతా చదివి, కళ్లజోడు తీశాడు.

"లేదండీ. ఆ రక్తంలో నరమేదో నాకు తెలియలేదు. తెగిందని ఆ రోజే అనుమానం వచ్చింది. ఆవిణ్ణి ఒకసారి తీసుకురండి, నేనే చెబుతాను."