బరాబర్ ఫొటోలు

పగ తీర్చుకునే సత్తా ఉన్న మనిషిని కాను నేను. గోడ మీద బల్లి కనబడితే పక్క గదిలోకి మారిపోతాను. లాల్‌దర్వాజాలో నాకో చిన్న ఫ్లెక్సీ దుకాణం ఉంది. ఎదుటివాళ్ల ముఖాలు పెద్దవి చేయడమే నా బతుకు.

అయినా ఆ ఏడు బోనాలకు ఇద్దరి మీద పగబట్టాను. మా గల్లీలో గంజాయి అమ్మేవి రెండు గుంపులు. ఒకదాని నాయకుడి చేతికి లావుపాటి కడియం. రెండోదాని నాయకుడు నల్ల కళ్లద్దాలు నీడలో కూడా తీయడు. మా తమ్ముడు ఇద్దరి దగ్గరా కొనేవాడు. కూలర్లు బాగుచేసే పని మానేశాడు. ఒక మధ్యాహ్నం అమ్మ కునుకు తీస్తుంటే ఆమె కాళ్ల వెండి పట్టీలు విప్పుకుపోయాడు. లేచాక అమ్మ వాణ్ణి తిట్టలేదు. కాళ్లు చీర కుచ్చిళ్ల కిందికి లాక్కుంది. ఆ ఇద్దరూ గల్లీలో ఉండకూడదని అప్పుడే అనుకున్నాను.

బోనాల ఫ్లెక్సీ కోసం ఇద్దరూ కలిసే వచ్చారు. అప్పటికి గల్లీని చెరిసగం పంచుకుని రాజీగా ఉన్నారు.

“ఇద్దరి ఫొటోలు బరాబర్ ఉండాలె అన్నా. ఇంచు ఫరక్ రావద్దు,” అన్నాడు కడియం వాడు.

“నా అద్దాలు మస్తు మెరవాలె,” అన్నాడు రెండోవాడు.

మా పనిలో ముందు నమూనా ఫోన్‌కు పంపుతాం. గిరాకీ చూసి బొటనవేలి బొమ్మ పెడితే ప్రింటుకు వేస్తాం. అరచేతి తెరలో అన్ని ముఖాలూ ఒకటే. కళ్లద్దాల వాడి ముఖం కొంచెం పెంచాను. అమ్మవారి వెలుగు వాడి మీదే పడేట్టు చేశాను. కడియం వాడి భుజాన్ని వాడి వెనక్కి నెట్టాను. రెండు బొటనవేళ్లూ వచ్చాయి.

ఇరవై అడుగుల ఫ్లెక్సీ గల్లీ మొదట్లో లేచింది. కడియం వాడి ముఖం పైన ఫ్లెక్సీలోనూ చిన్నబోయింది, కింద నిలబడి చూస్తుంటేనూ చిన్నబోయింది.

“నా ఎన్క తిరిగెటోనివి, ముంగటికెట్ల వచ్చినవ్ రా?”

“అమ్మోరే చెప్పింది, పెద్దోడెవడో! లొల్లి ఆమెతోని పెట్టుకో.”

పొద్దున మాటలు, మధ్యాహ్నానికి కత్తులు. ఒకడికి తొడ తెగింది, ఇంకొకడికి భుజం. పోలీసులు రెండు గుంపులనూ ఊడ్చుకుపోయారు. నన్ను అనుమానించేంత గౌరవం కూడా ఎవరూ ఇవ్వలేదు. నేను మాత్రం వరసగా రెండు చాయ్‌లు తాగాను. ఆ తొడ గురించి ఎవరు చెప్పినా మళ్లీ చెప్పించుకున్నాను. ఈ రోజుకీ దానికి సిగ్గుపడటం లేదు.

సరుకు దొరక్క తమ్ముడు వణికాడు, కక్కాడు, అమ్మను తిట్టాడు. మూడో వారం ఆమె చేతి ముద్ద తిన్నాడు. స్క్రూడ్రైవర్ ఎక్కడుందని అడిగాడు. నేనే వెతికిచ్చాను.

వినాయక చవితి ముందు దుకాణానికి ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకతను వచ్చాడు. అంతకుముందు రెండు గుంపులకూ పొట్లాలు మోసినవాడట. వాళ్లు కొట్లాడుకుంటుంటే ఇంట్లో కూర్చున్నాడు. ఇద్దరి గిరాకీల నంబర్లూ వాడి ఫోన్‌లోనే ఉన్నాయి. ఎవడు తెచ్చిస్తాడో, ఎవడు కొంటాడో వాడికే తెలుసు. చెరిసగమైన గల్లీ ఇప్పుడు మొత్తంగా వాడిది. నేను పీకింది కంపను కాదు. వాడి దారికి అడ్డమున్న కంచెను.

“నమస్తే అన్నా. గణేశునికి ఫ్లెక్సీ కావాలె.”

“ఇంకెవరెవరి ఫొటోలు?” ఆశగానే అడిగాను. నా చేతిలో ఉన్న ఆయుధం అదొక్కటే.

“ఎవ్వరియి లేవు. నేనొక్కన్నే.”

“కింద దోస్తులయి? పక్కకు ఇంకో పెద్దమనిషి? ఒక్కనివే ఉంటే బోసిగ ఉంటది భాయ్.”

“ఎవ్వడున్నడన్నా ఇప్పుడు?” నవ్వాడు. “నువ్వేం ఫికర్ చెయ్యకు.”

ఎవడి పక్కన నిలబెట్టి వీణ్ణి చిన్నబుచ్చను? తెర మీద ఖాళీ జాగా చూస్తూ కూర్చున్నాను. పళ్లు నూరుకోవడం తప్ప పని లేదు. అంతలో తమ్ముడు లోపలికి వచ్చి, నన్ను చూడకుండానే, ఆ మనిషికి కుర్చీ జరిపాడు.

“కూసో అన్నా,” అన్నాడు వాడితో.